పీలీ బత్తీ గవాహీ

పోయిన బర్సాత్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక మా భాంజా ఫోన్ చేశాడు. బెంగళూరు నుంచి చెన్నై పోర్టుకు కంటైనర్ తీసుకెళ్తున్నాడు. పలమనేరు దగ్గర ఒక ధాబా ముందు బండి పక్కకు పెట్టాడట. వెనక వాన చప్పుడు వినిపిస్తోంది.

"మామూ, పీలీ బత్తీ జల్రీ. బుజ్తీచ్ నై. క్యా కర్నా?"

"ఏ బత్తీరా? ఎర్రదా, పసుపుదా? బజర్ మోగుతోందా?"

"నై మామూ. గాలి ఫుల్ ఉంది. ఏబీఎస్ బత్తీ, అదీ ట్రైలర్‌ది. సేఠ్‌కు ఫోన్ చేశా. బ్రేక్ పడుతోందా అన్నాడు. పడుతోంది అన్నా. ఫిర్ క్యా, నడిపెయ్ అన్నాడు."

పలమనేరు దాటితే మొగిలి ఘాట్, చిత్తూరు వైపు దిగుడు. వానలో, లోడు బండితో ఆ దిగుడు ఎలా ఉంటుందో లారీ అన్నం తిన్న ఇళ్ళల్లో విడిగా చెప్పనక్కర్లేదు. మా ఆపా, అంటే వాడి అమ్మీ, అప్పటికి నిద్రపోయి ఉంటుంది. లేకపోతే ఆమె ఫికర్ కూడా నా నెత్తినే పడేది.

వింతేమిటంటే, ఆ సేఠ్ అన్నమాట పూర్తిగా ఝూట్ కాదు. ఏబీఎస్ బత్తీ వెలిగినంత మాత్రాన బ్రేకులు పోయినట్టు కాదు. పెడల్ తొక్కితే గాలి వెళ్తుంది, చాంబర్ తోస్తుంది, లైనర్ డ్రమ్మును పట్టుకుంటుంది. అబ్బా కాలంలో లారీలన్నీ నడిచింది అలాగే. పోయింది ఆ బ్రేకు మీద కాపలా ఒక్కటే. ఆ కాపలా ఏమిటి, అది పోయిందని చెప్పే దీపం ఎందుకు వచ్చింది, ఆ దీపాన్ని నమ్మకపోవడం మనుషులు ఎప్పుడు నేర్చుకున్నారు? దాని వెనక యాభై ఏళ్ళ తారీఖ్ ఉంది. అందులో చివరి ముక్కలో నా ఇల్జామ్ కూడా ఒకటుంది. అక్కడికి వచ్చినప్పుడు చెప్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగాను. అబ్బా బ్రేకుల ఉస్తాద్. లైనర్లు మార్చడం, చాంబర్లు విప్పడం, స్లాక్ అడ్జస్టర్లు బిగించడం ఆయన హునర్. నేను ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివి అదే షెడ్డులో వైరింగ్ పని చూశాను. ఇప్పుడు షెడ్డు మా తమ్ముడిది. నేను కూర్చుని రాసుకుంటున్నాను, కానీ చేతులకు ఆ గ్రీజు వాసన ఇంకా ఉంది.

తొక్కితే చాలదా, ఎందుకీ కాపలా అంటారా? చక్రం దొర్లుతున్నంతసేపూ టైరు రోడ్డును పట్టుకుంటుంది. చక్రం బిగుసుకుపోయి ఆగిందా, టైరు జారుతుంది. ముందు చక్రాలు బిగిస్తే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ట్రాక్టర్ వెనక చక్రాలు బిగిస్తే వెనక నుంచి ట్రైలర్ తోసి బండిని మడత చాకులాగా మడిచేస్తుంది. ట్రైలర్ చక్రాలు బిగిస్తే దాని తోక పక్క లైన్లోకి ఊడ్చుకుంటూ వస్తుంది. ఖాళీ బండికీ, తడి రోడ్డుకీ ఈ ఖత్రా మరీ ఎక్కువ. పాత డ్రైవర్లు పెడల్‌ను తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కేవాళ్ళు. అబ్బా దాన్ని "సాఁస్ దేనా" అనేవారు, బ్రేకుకు ఊపిరి ఇవ్వడం. ఏబీఎస్ చేసేది అదే పని. కాకపోతే ఒక్కో చక్రాన్నీ విడిగా చూస్తూ, మనిషి కాలికి అందని వేగంతో చేస్తుంది.

ఈ ఖయాల్ లారీల కోసం పుట్టింది కాదు. విమానం దిగేటప్పుడు చక్రాలు బిగిస్తే టైర్లు పేలిపోయేవి. 1950ల మొదట్లో బ్రిటన్‌లో డన్‌లప్ వాళ్ళు మాక్సరెట్ అనే పరికరం తెచ్చారు. అందులో కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. చక్రానికి ఆనుకుని తిరిగే చిన్న ఫ్లైవీల్ ఉంటుంది. చక్రం హఠాత్తుగా నెమ్మదిస్తే ఫ్లైవీల్ తన ఊపులో ముందుకు పోతుంది, ఆ తేడాతో ఒక వాల్వ్ తెరుచుకుని బ్రేక్ ఒత్తిడి వదులుతుంది. అంతే. 1966లో జెన్సెన్ అనే బ్రిటిష్ కారులో కూడా ఇదే మాక్సరెట్ పెట్టారు. కానీ లారీకి ఆరు, పది, పద్దెనిమిది చక్రాలు. దానికి ఈ ఫ్లైవీల్ సరిపోలేదు, ఎలక్ట్రానిక్స్ కావలసి వచ్చింది. దాస్తాన్ అసలు మలుపు తిరిగేది అక్కడే.

అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, గాలి బ్రేకుల బళ్ళకు 121వ నంబరు ప్రమాణం అని ఒక ఖానూన్ తెచ్చింది. 1975 జనవరి 1 నుంచి కొత్త ట్రైలర్లకు, మార్చి 1 నుంచి కొత్త ట్రక్కులకు, బస్సులకు. ఇంత దూరంలో ఆగాలి, ఆగేటప్పుడు చక్రాలు బిగుసుకోకూడదు అన్నది షర్తు. యాంటీలాక్ పెట్టండి అని సూటిగా రాయకపోయినా, అది లేకుండా ఆ షర్తు తీర్చడం కంపెనీల వల్ల కాలేదు. నీయత్ మంచిదే. కానీ 1975 నాటి ఎలక్ట్రానిక్స్‌ను ఒక్కసారి ఊహించుకోండి. లారీ కింద బురద, ఉప్పు, నీళ్ళు, రాళ్ళ దెబ్బలు, రోజంతా వణుకు. ఆ జగాలో పెట్టిన వైర్లు తుప్పు పట్టాయి, కనెక్టర్లు వదులయ్యాయి. కొన్నిసార్లు రేడియో తరంగాల వల్ల కూడా ఆ కంట్రోల్ డబ్బా గడబిడ అయిందని ఫిర్యాదులు వచ్చాయి. చక్రం బిగుసుకోకుండానే బిగుసుకుందని అది భ్రమపడితే ఏమవుతుంది? బ్రేక్ వదిలేస్తుంది. డ్రైవర్ పెడల్ పూర్తిగా తొక్కి ఉంటాడు, బండి ఆగదు. జాన్ కాపాడాల్సిన చీజే జాన్ తీసేలా ఉంటే మనిషి ఏం చేస్తాడు? తీగ పీకేస్తాడు.

వాళ్ళూ అదే చేశారు. ట్రక్కులు తయారుచేసే పాకార్ కంపెనీ, మరికొందరు కలిసి అదాలత్‌కు వెళ్ళారు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా ఉన్న తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఫైసలా ఇచ్చింది. ఈ పరికరాలు మామూలు బళ్ళలో, మామూలు రోడ్ల మీద భరోసాగా పనిచేస్తాయని ప్రభుత్వం ముందే పరీక్షించి చూపలేదు, పైగా ఉన్న ఖత్రాను తగ్గించకపోగా పెంచి ఉండవచ్చు, కాబట్టి ట్రక్కులకూ ట్రైలర్లకూ ఆ షర్తులు చెల్లవు అని దాని సారాంశం. సుప్రీం కోర్టు ఆ కేసును మళ్ళీ వినడానికి ఒప్పుకోలేదు. అక్కడితో ఖానూన్ బలం పోయింది. అప్పటికే రోడ్డు మీద ఉన్న బళ్ళలో చాలావాటికి ఏబీఎస్ తీగలు విడదీసి పడేశారు, మరమ్మత్ మానేశారు.

నన్నడిగితే ఆ కోర్టు తప్పు చేయలేదు. తయారుకాని దవా తాగించినట్టు అయింది ఆ ఖానూన్. నష్టం మాత్రం ఇంకో రకంగా జరిగింది. ఒక తరం డ్రైవర్లకూ మెకానిక్‌లకూ "ఏబీఎస్ అంటే తకలీఫ్, బత్తీ వెలిగితే తీగ పీకు" అన్న సబక్ బుర్రలో కూర్చుంది. ఖానూన్ కోర్టులో రద్దవుతుంది, ఆదత్ రద్దు కాదు. ఆ ఆదత్ సముద్రాలు దాటి మా ఆటోనగర్ దాకా వచ్చిందని అనను, అలాంటి ఆదత్ ఎక్కడికక్కడ పుడుతుంది.

ఈలోగా యూరప్‌లో పని నెమ్మదిగా, గట్టిగా సాగింది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కారులో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ వచ్చింది. 1981లో డైమ్లర్-బెంజ్, వాబ్‌కో కలిసి భారీ లారీలకు ఏబీఎస్ మార్కెట్లోకి తెచ్చాయి. ఈసారి డబ్బాలో డిజిటల్ బుర్ర ఉంది. తనని తాను పరీక్షించుకునే సలాహియత్ ఉంది. నా లెక్కలో మొత్తం ఈ తారీఖ్‌లో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే. తనలో ఐబ్ కనిపిస్తే ఆ డబ్బా పక్కకు తప్పుకుంటుంది, బ్రేకును మామూలు బ్రేకుగా వదిలేస్తుంది, ఒక పసుపు దీపం వెలిగిస్తుంది. "నేను ఈ పని చేయలేకపోతున్నాను, నామీద భరోసా పెట్టుకోకు" అని ముందే చెప్పేస్తుంది. 1975 నాటి మషీన్ తప్పుచేసి డ్రైవర్‌ను మోసం చేసింది. ఇది తప్పు ఒప్పుకుని డ్రైవర్‌ను ఖబర్దార్ చేస్తుంది. దీపం వెలగడం అంటే మషీన్ తన మీద తానే ఇచ్చుకున్న గవాహీ.

అమెరికా వాళ్ళు దెబ్బ తిన్నారు కాబట్టి రెండోసారి తొందరపడలేదు. 1980ల చివర 200 ట్రాక్టర్లకు ఏబీఎస్ బిగించి, రెండేళ్ళపాటు నిజమైన సరుకుతో, నిజమైన డ్రైవర్లతో తిప్పి, ఏది ఎప్పుడు పాడయిందో రాసుకున్నారు. తరువాత 50 ట్రైలర్ల మీద కూడా అదే చేశారు. అప్పుడు 1995 మార్చిలో కొత్త ఖానూన్ ప్రకటించారు. 1997 మార్చి 1 తరువాత తయారైన ట్రాక్టర్లకు, 1998 మార్చి 1 తరువాతి ట్రైలర్లకు, గాలి బ్రేకుల మామూలు ట్రక్కులకు, 1999 మార్చి 1 తరువాతి ఆయిల్ బ్రేకుల ట్రక్కులకు ఏబీఎస్ తప్పనిసరి.

ఆ ఖానూన్‌లో దీపం గురించి రాసిన భాగం చదివినప్పుడు, నేను ఎలక్ట్రీషియన్‌ని కదా, చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకంటే అది మా షెడ్డులో రోజూ వచ్చే తగాదాయే. ట్రాక్టర్ ఒకరిది, ట్రైలర్ ఇంకొకరిది. పొద్దున ఒక ట్రైలర్ తగిలిస్తారు, సాయంత్రం ఇంకోటి. ట్రైలర్‌లో ఐబ్ ఉందని ముందున్న డ్రైవర్‌కు చెప్పేది ఎలా? ట్రాక్టర్‌కూ ట్రైలర్‌కూ మధ్య ఏడు పిన్నుల కనెక్టర్ ఒకటే, ఏడు పిన్నులకూ ఏడు పనులు అప్పటికే ఉన్నాయి. కొత్త తీగకు చోటు లేదు. పాత ట్రాక్టర్ డ్యాష్‌బోర్డులో ఆ దీపమే లేదు.

అందుకని వాళ్ళు ట్రైలర్‌కే ఒక దీపం పెట్టించారు. ఎడమ పక్కన, వెనక వైపు, బయట, పసుపు రంగులో, ఏబీఎస్ అని అక్షరాలతో. వాళ్ళకు డ్రైవర్ కూర్చునేది ఎడమ పక్కే కాబట్టి అద్దంలో చూస్తే కనిపిస్తుంది. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి ఆరాలి. ఆ తరువాత 2001 మార్చి 1 నుంచి కొత్త ట్రాక్టర్ల క్యాబిన్‌లో కూడా ట్రైలర్ దీపం ఉండాలన్నారు. తీగ లేదు కదా మరి? కరెంటు వెళ్ళే తీగ మీదే సందేశాన్ని కూడా పంపే తర్కీబ్ కనిపెట్టారు. ఒకే పైపులో నీళ్ళూ, నీళ్ళమీద ఖబరూ అన్నట్టు. యూరప్ వాళ్ళు ఈ తలనొప్పి పడలేదు, ఏబీఎస్‌కు వేరే సాకెట్టే పెట్టుకున్నారు. మా షెడ్డుకు వచ్చిన ట్రైలర్లలో నేను చూసింది కూడా ఆ విడి సాకెట్ రకమే.

ట్రైలర్ బయటి దీపం కొన్నాళ్ళకే అని రాసుకున్నారు. పాత ట్రాక్టర్లు తుక్కుకు పోయాక అక్కర్లేదని 2009 దాకా గడువు పెట్టారు. గడువు వచ్చేసరికి ఎవరూ దాన్ని వదులుకోలేకపోయారు. బయట దీపం ఉంటే ట్రాక్టర్ తగిలించి తాళం తిప్పి చూస్తే చాలు, పరీక్షించే ఇన్‌స్పెక్టర్ కూడా దూరం నుంచే చూడగలడు. దాన్ని పొడిగించి, చివరకు శాశ్వతం చేశారు. తాత్కాలికంగా వచ్చి పర్మనెంట్ అయిన సర్కారీ ముచ్చట్లలో ఇదొక్కటి మంచి ముచ్చట.

ఇంత చేసినా ఏబీఎస్ కరామాత్ ఏమీ చేయలేదు. 2010లో అదే సంస్థ లెక్కలు తీస్తే ట్రాక్టర్ ఏబీఎస్ వల్ల మొత్తం ప్రమాదాల్లో తగ్గుదల సుమారు 3 శాతం అని తేలింది. బండి మడతపడటం, రోడ్డు దిగి బోల్తా కొట్టడం బాగా తగ్గాయి, కొన్ని రకాల గుద్దుళ్ళు తగ్గలేదు. నాకు ఈ 3 శాతం నచ్చింది. నూటికి నూరు అన్నవాణ్ణి షెడ్డులో ఎవరూ నమ్మరు.

మన దేశంలో మొదట ప్రమాదకరమైన సరుకు మోసే బళ్ళ వంటి కొన్నిటికి ఏబీఎస్ తప్పనిసరి అయింది. 2015లో 12 టన్నులు దాటిన కొత్త లారీలన్నిటికీ, పెద్ద బస్సులకూ వచ్చింది. ఆటోనగర్‌లో ఆ ఏడు నాకు బాగా యాద్ ఉంది. మా దగ్గర స్కానర్ లేదు, బ్లింక్ కోడ్ చదవడం ఎవరికీ రాదు. అబ్బా అప్పటికి ఉన్నారు. కొత్త బండి హబ్ విప్పి, లోపల పళ్ళ రింగునూ, దానికి ఆనుకున్న వేలెడంత సెన్సర్‌నూ చూసి, "ఇది గడియారమా, లారీయా?" అన్నారు. గ్రీజు పూసిన చేతులతో అలవాటు ప్రకారం సుత్తితో హబ్ తట్టబోయి ఆగిపోయారు. వేరే షెడ్లలో ఆగనివాళ్ళు చాలామంది ఉన్నారు. లైనర్ మార్చడానికి వెళ్ళిన బండి పసుపు బత్తీతో బయటికి వచ్చేది.

నా ఇల్జామ్ సంగతి ఇప్పుడు.

2017 వానాకాలం. ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ ట్రాక్టర్-ట్రైలర్ మా దగ్గరకు వచ్చింది. ఏబీఎస్ బత్తీ ఆరడం లేదు. సెన్సర్ తెప్పించాలంటే రెండు రోజులు, డబ్బు సరే, బండి ఆగిపోవడం ఓనర్‌కు కష్టం. ఫ్యూజ్ పీకితే సరిపోతుందనుకున్నాడు. పీకి చూపించాను, బత్తీ ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ డబ్బాకు కరెంటు అందకపోయినా దీపం వెలిగేలాగే తయారుచేశారు, గవాహ్ నోరు అంత తేలిగ్గా మూయలేం. "అయితే కనపడకుండా చెయ్యి, డ్రైవర్లు చూసి ఊరికే ఫోన్లు చేస్తున్నారు" అన్నాడు. నేను మీటర్ బోర్డు విప్పి ఆ బల్బు తీసేశాను. పది నిమిషాల పని. రెండొందలు ఇచ్చాడు.

ఇరవై రోజుల తరువాత ఆ బండి మీద వేరే డ్రైవర్ ఉన్నాడు. వానలో, ఖాళీగా వస్తూ, ముందు ఒక ఆటో అడ్డం వస్తే గట్టిగా తొక్కాడు. ట్రైలర్ పక్కకు ఊడ్చుకుంటూ వచ్చి డివైడర్‌ను కొట్టింది. ఎవరి జాన్ పోలేదు. డ్రైవర్ కాలు రెండు చోట్ల విరిగింది. ఏబీఎస్ ఉంటే ఆగేదా? నేను ఖసమ్ చేసి చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఆరు నెలల తరువాత ఆయన కర్ర సాయంతో మా షెడ్డుకు వచ్చాడు, ఇంకో పని మీద. మాటల్లో అన్నాడు: "కొత్త బండి కదా భాయ్, ఏబీఎస్ ఉందనే ధైర్యంతో తొక్కాను. లేదని తెలిస్తే ఆ వానలో నలభై దాటేవాణ్ణి కాదు." నేను చాయ్ తెప్పించాను. ఏమీ చెప్పలేదు.

చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఒక ఈద్‌కు షీర్‌ఖుర్మా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఆయన చాలాసేపు గిన్నెలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. తరువాత ఒకటే అడిగాడు. "ఇంకా ఎన్ని బళ్ళవి తీశావు?"

మూడు. రెంటికి తిరిగి బల్బులు పెట్టి, సెన్సర్లు వేయించాను. మూడో బండిని ఎవరో కొనుక్కుని ఒడిశా వైపు తీసుకెళ్ళారు. నంబరు నా డైరీలో ఉంది.

అందుకే మా ఇంటి పిల్లలు ఎవరు స్టీరింగ్ పట్టినా నేను మొదట నేర్పేది ఇదే. తాళం తిప్పగానే పసుపు బత్తీ చూడు. రెండు మూడు సెకన్లు వెలిగి ఆరితే ఖైరియత్. కొన్ని బళ్ళలో, అంతకు ముందు సెన్సర్ ఐబ్ నమోదై ఉంటే, బండి కదిలి ఆరేడు కిలోమీటర్ల వేగం అందుకున్నాకే ఆరుతుంది, దానికీ కంగారు వద్దు. ఆరకుండా ఉంటే ఏబీఎస్ పనిచేయడం లేదు, బ్రేకులు ఉన్నాయి, దూరం పాటిస్తూ నెమ్మదిగా నడిపి మరమ్మత్‌కు చేర్చు. తాళం తిప్పినా అసలు వెలగనే లేదా, అన్నిటికన్నా దాన్నే ఎక్కువగా షక్ పడు. బల్బు కాలిపోయి ఉండాలి, లేదా నాలాంటివాడెవడో తీసి ఉండాలి. ఎర్రదీపం, బజర్ మాత్రం వేరే సంగతి, అది గాలి పడిపోతోందని. అక్కడ ఆలోచించేదేమీ లేదు, బండి పక్కకు.

మరమ్మత్ సంగతి కూడా ఇంత భయపెట్టేదేమీ కాదు. బత్తీ వెలగ్గానే చాలామంది "ఈసీయూ పోయింది, యాభై వేలు" అంటారు. నేను చూసినవాటిలో ఆ డబ్బా నిజంగా పోయినవి చాలా తక్కువ. ఎక్కువసార్లు జడ చక్రం దగ్గరే ఉంటుంది. హబ్‌తోపాటు ఒక పళ్ళ రింగు తిరుగుతుంది, సాధారణంగా 100 పళ్ళు. దాని ఎదురుగా సెన్సర్, లోపల అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ. పన్ను దాటిన ప్రతిసారీ చిన్న కరెంటు అల పుడుతుంది, డబ్బా ఆ అలలు లెక్కపెట్టి చక్రం వేగం తెలుసుకుంటుంది. సెన్సర్‌కూ రింగుకూ మధ్య సందు పెరిగితే అల బలహీనమవుతుంది, డబ్బాకు చక్రం కనపడదు.

చక్రం ఎత్తి, కనెక్టర్ విప్పి, మీటర్ పెట్టి సెన్సర్ రెసిస్టెన్స్ చూడండి. వెయ్యి, రెండు వేల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటే తీగ బాగున్నట్టే, ఖచ్చితమైన హద్దు కంపెనీ పుస్తకంలో ఉంటుంది. తరువాత మీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి చక్రాన్ని చేత్తో రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిప్పండి. 0.2 వోల్టు కన్నా తక్కువ వస్తే సెన్సర్ వెనక్కి జరిగిందని అర్థం. దాన్ని చేత్తో నెట్టండి, రింగుకు తగిలేదాకా. సుత్తి వద్దు, స్క్రూడ్రైవర్‌తో పొడవడం అసలే వద్దు. చక్రం తిరిగితే రింగే తనకు కావలసినంత సందు చేసుకుంటుంది. సెన్సర్ చుట్టూ ఉండే ఇత్తడి రంగు స్ప్రింగు బుష్ అరిగిపోతే సెన్సర్ నిలవదు, అది చాలా చవక సామాను, మార్చేయండి. రింగు పన్ను విరిగిందా, గ్రీజులో ఇనుప రజను పేరుకుందా చూడండి. కేబుల్ ఎక్కడైనా చాసిస్‌కు రాసుకుని చర్మం పోయిందేమో చేత్తో తడుముతూ వెళ్ళండి. ఐబ్ ఏ చక్రానిదో తెలుసుకోవడానికి చాలా బళ్ళలో డ్యాష్‌లో ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని కాసేపు నొక్కి వదిలితే బత్తీ మెరుపుల్లో చెప్తుంది: ఇన్ని మెరుపులు, ఒక ఆగు, మళ్ళీ ఇన్ని మెరుపులు. మొదటిది ఏ రకం ఐబో, రెండోది ఏ చక్రమో. కంపెనీని బట్టి అర్థం మారుతుంది కాబట్టి ఆ పట్టిక ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోవాలి.

ఇంకో మాట, పెద్దవాళ్ళకు ఇది మింగుడు పడదు. ఏబీఎస్ బాగా ఉన్న బండిలో పెడల్‌ను తొక్కి వదిలి చేయకూడదు. గట్టిగా తొక్కి అలాగే ఉంచాలి. సాఁస్ ఇచ్చే పని దానిది. బత్తీ వెలుగుతుంటే మాత్రం అబ్బా పద్ధతే గతి. ఏ రోజు ఏ పద్ధతో తెలియాలంటే దీపం ఒక్కటే ఆధారం.

ఆ రాత్రి భాంజాకు చెప్పాను: "ఘాట్ దిగకు. పొద్దున దాకా అక్కడే పడుకో. సేఠ్ ఏమన్నా అంటే నా నంబర్ ఇవ్వు."

సేఠ్ నాకు ఫోన్ చేయలేదు. వాడికి చేసి తిట్టాడట. పొద్దున వాన ఆగాక వాడు వీడియో కాల్ పెట్టాడు. ముందు ఏబీఎస్ కేబుల్ సాకెట్ విప్పించి పిన్నులు చూశాం, శుభ్రంగా ఉన్నాయి. స్విచ్ నొక్కించాను. మెరుపులు లెక్కపెట్టాం. సెన్సర్ సందు ఎక్కువ, ట్రైలర్ ఎడమ చక్రం. పక్కనే ఉన్న టైర్ షాపువాళ్ళ జాకీ తీసుకుని చక్రం ఎత్తాడు. సెన్సర్‌ను చేత్తో నెట్టాడు, లోపలికి వెళ్ళింది. "హో గయా మామూ!" అన్నాడు.

"ఆగు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు."

ఊపాడు. ఫోన్‌లో నాకే కనిపించింది, చక్రం టక్కు టక్కుమని ఊగుతోంది. హబ్ బేరింగ్ వదులైపోయింది. చక్రం ఊగిన ప్రతిసారీ రింగు వచ్చి సెన్సర్‌ను వెనక్కి తోస్తోంది. బత్తీ వెలిగింది ఏబీఎస్ కోసమే, కానీ దాని వెనక ఉన్నది బేరింగ్.

పలమనేరు నుంచి మెకానిక్ వచ్చి హబ్ విప్పేసరికి పది అయింది. లోపలి బేరింగ్ రోలర్లు నీలం రంగుకు తిరిగి ఉన్నాయి. వాటిని ఫోటో తీసి భాంజా సేఠ్‌కు పంపాడు. సేఠ్ ఒక్క మాట జవాబు పెట్టాడు: "బిల్లు పంపు."